రేపు మాస్టారి సాక్ష్యం

ఆ వీధిలో ఆయన్ని అందరూ రేపు మాస్టారనేవారు. దర్జీగా ముప్ఫై రెండేళ్ళ అనుభవం, అందులో చెప్పిన రోజుకి ఇచ్చిన చొక్కా ఒక్కటి కూడా లేదు. ఎవరొచ్చి అడిగినా మిషను మీద నుంచి తల ఎత్తకుండా "రేపు రండి" అనేవాడు. మరీ నిలదీస్తే "అంతా అయిపోయిందండీ, కాజాలు మాత్రమే మిగిలాయి" అనేవాడు. గుండీలు దూరే కాజాలు అన్నిటికంటే చివర్లో చేసే పని కాబట్టి ఆ మాట వింటే ఎవరికైనా ధైర్యం వచ్చేది. నిజానికి అప్పటికి ఆ గుడ్డ మీద కత్తెర కూడా పడి ఉండేది కాదు. అబద్ధం చెబుతున్నానని ఆయనకి ఏనాడూ అనిపించలేదు. ఎలాగూ కాబోయేదాన్నే అయిందంటున్నాను, నాలుగు రోజులు ముందు చెబితే కొంపలేం మునిగిపోతాయి అని ఆయన వాదన.

అయితే ఓపిక గురించి ఆయనకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదని పేరు. ఆదివారం మందిరంలో ప్రార్థన అయ్యాక ఎవరి మొహం వాడిపోయి కనిపించినా వాళ్ళ పక్కన చేరేవాడు. ఉద్యోగం పోయినవాడికీ, పిల్లలు పుట్టనివాళ్ళకీ, ఇంట్లో మనిషి మంచాన పడ్డవాళ్ళకీ ఆయన దగ్గర ఒకటే మందు. "దేవుడికి తన టైము ఉందండీ, మనం తొందరపడకూడదు." అలా చెప్పి, భుజం తట్టి, ఇంటికెళ్ళి కడుపునిండా భోంచేసి పడుకునేవాడు. ఎదుటివాళ్ళ కష్టానికి ఓపిక పట్టడంలో ఆయన్ని మించినవాడు లేడు.

తనదాకా వచ్చాక తెలిసొచ్చింది.

ముందు భార్యకి జబ్బు చేసింది. దుకాణంలో సగం పని ఆవిడది. గుడ్డ కత్తిరించేది ఆయన, మిషను తొక్కేది ఆయన, మాస్టారని పిలిపించుకునేదీ ఆయనే. కాజాలు, గుండీలు, లోపలి అంచులు, అంటే చేత్తో ఓపిగ్గా చెయ్యాల్సిందంతా ఆవిడ చేసేది. ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుని ఆయన ఆవిడకి కూడా తారీఖు చెప్పాడు.

"ఒకటో తారీఖుకల్లా ఇంట్లో ఉంటావు. నేను దేవుడితో మాట్లాడాను."

ఆవిడ నవ్వింది. "నీ తారీఖులు ఇంకెవరికైనా చెప్పు. ఆ మిగిలిన కాజాలు కుట్టేదాన్ని నేను."

అయినా ఆయన ఊరుకోలేదు. మందిరంలో అందరికీ ఒకటో తారీఖని చాటింపు వేసి వచ్చాడు. ఒకటో తారీఖు వచ్చింది, వెళ్ళింది. ఆరో తారీఖున ఆవిడ వెళ్ళిపోయింది.

ఆయన ఏడవలేదు. ఓదార్చడానికి వచ్చినవాళ్ళని తనే ఓదార్చి పంపించాడు. "విశ్వాసమంటే ఆయనది" అని నలుగురూ అనుకుంటుంటే చెవికి బాగానే ఉండేది. పెళ్ళాం పోయిన పదో రోజున కూడా పొగడ్తకి చెవి ఒగ్గిన మనిషి తనేనని తలుచుకుని ఆ తరవాత చాలా సిగ్గుపడ్డాడు. నాలుగు నెలలు తిరక్కుండానే గోరుచుట్టు మీద రోకటిపోటులా పక్షవాతం వచ్చింది. కాలునీ నోటినీ వదిలిపెట్టి కుడి చేతిని పట్టుకుంది. ఆ పట్టుకునేదేదో నోటిని పట్టుకుని ఉంటే ఇంత కథ నడిచేది కాదని ఇప్పటికీ ఆయనే అంటుంటాడు.

చెయ్యి ఉంది, భుజానికి వేలాడుతూ ఉంది. మోచెయ్యి కొంచెం వంగుతుంది, వేళ్ళు సగం దాకా ముడుచుకుంటాయి. స్పర్శ మాత్రం లేదు. ఒకప్పుడు కళ్ళు మూసుకుని గుడ్డ అంచుని వేళ్ళ మధ్య రుద్ది, రెండు ఉతుకులకి ఎన్ని అంగుళాలు తగ్గుతుందో చెప్పేవాడు. ఇప్పుడా వేళ్ళకి పట్టుగుడ్డా ఒకటే, గోనెసంచీ ఒకటే. కత్తెర పట్టలేకపోవడం కంటే అదే ఆయన్ని ఎక్కువ కుంగదీసింది. గుడ్డని తాకితే తెలియని దర్జీ ఎవడు? ఆ చెయ్యి తిరిగి రాకపోతే తను ఇక ఎవరూ కాదని పొద్దున లేవగానే భయమేసేది. పైకి మాత్రం, అడిగినవాళ్ళందరితోనూ, "దేవుడి టైము" అనేవాడు.

చూసుకోవడానికి అక్క వచ్చింది. ఆయన కంటే ఆరేళ్ళు పెద్దది, నర్సుగా పనిచేసి రిటైరైంది. ఆవిడ నోరు విప్పితే సూది గుచ్చినట్టే ఉంటుంది. వచ్చిన రెండో రోజునే దుకాణంలోని గుండీల డబ్బా తెచ్చి ఒక గిన్నెలో బోర్లించి, పక్కన ఖాళీ గిన్నె పెట్టింది.

"ఇందులోంచి అందులోకి వెయ్యి. కుడి చేత్తో. ఒక్కొక్కటే."

"ఎన్ని?"

"వచ్చినన్ని."

మొదటి నెల ఒక్కటీ రాలేదు. రెండో నెలలో రెండు వచ్చాయి. ఐదో నెలకి లెక్క ఏడుకి చేరింది, అవీ కోటుకి కుట్టే పెద్ద గుండీలు. పట్టు దొరికిందో లేదో వేళ్ళకి తెలియదు కాబట్టి కళ్ళప్పగించి చూస్తూ తియ్యాలి. ఒక్కో గుండీ గాల్లోకి లేచి, సగం దూరం వెళ్ళి, టక్కున బల్ల మీద పడేది. పడ్డ ప్రతిసారీ ఆయనకి ఒళ్ళు మండిపోయేది. దేవుణ్ణి అడిగింది అద్భుతం, ఎదురుగా పెట్టింది గుండీల గిన్నె.

"చిన్నపిల్లల ఆటలా ఉంది అక్కా ఇది."

"చిన్నపిల్లలు పది నిమిషాల్లో గిన్నె ఖాళీ చేస్తారు. నువ్వు ముందు వాళ్ళ స్థాయికి రా."

ఇలా లాభం లేదని ఆయన దేవుడికి గడువు పెట్టాడు. నెలాఖరు ఆదివారం. దుకాణంలో తన మీద పనిచేసే యుక్తి ఒకటే ఉండేది. తెలివైన గిరాకీలు "ఫంక్షను సాయంత్రమేనండీ" అని చెప్పి, ఎదురుగా బల్ల మీద కూర్చుని కదిలేవాళ్ళు కాదు. సిగ్గుకైనా కుట్టి ఇచ్చేవాడు. దేవుడి మీద కూడా అది పనిచేస్తుందనుకున్నాడు. పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి, ఆ ఆదివారం సాక్ష్యం చెప్పడానికి, అంటే దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పడానికి, తనకో ఐదు నిమిషాలు అట్టేపెట్టమన్నాడు. అంటే దేవుడికి ఇక తప్పించుకునే దారి లేదు.

ఆ ఆదివారం పొద్దున కళ్ళు తెరవగానే చెయ్యి చూసుకున్నాడు. నిన్నటి చెయ్యే. గుండీలు తీసి చూశాడు, ఆరు వచ్చాయి. శనివారం కంటే ఒకటి తక్కువ.

తలనొప్పి అని ఇంట్లో పడుకుంటే సరిపోయేది. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ వెళ్ళాడు. పాస్టరుగారు పేరు పిలవగానే లేచి నిలబడ్డాడు. ఒట్టేసి చెప్పొచ్చు, ఆయన చెప్పాలనుకున్నది "ఇంకా బాగవలేదు, నాకోసం ప్రార్థించండి" అనే. కానీ రెండు వందల మొహాలు ఆశగా తన వైపు తిరిగేసరికి, గిరాకీ ఎదురుగా నిలబడితే ఏ నోరు తెరుచుకునేదో ఆ నోరే తెరుచుకుంది.

"నా చెయ్యి బాగైందండీ!" అన్నాడు.

చప్పట్లు మోగాయి. అక్కడితో ఆగాడా అంటే ఆగలేదు. "ఒక్క ప్రార్థనతో! పొద్దున లేచేసరికి!" అని కూడా కలిపాడు. ఒక జేబు పెట్టమంటే లోపల ఇంకో దొంగజేబు కూడా పెట్టే రకం మరి. కుడి చెయ్యి మాత్రం ప్యాంటు జేబులోంచి బయటికి తియ్యలేదు, ఆ మాత్రం తెలివి ఏడ్చింది. కూర్చున్నాక మనసు ఎప్పటి పాటే పాడింది. ఎలాగూ బాగయ్యేదే కదా, నాలుగు రోజులు ముందు చెప్పాను, దేవుడి పరువు నిలబెట్టినట్టు కూడా అయింది.

ఇంటిదారిలో అక్క పక్కనే నడిచింది. మలుపు తిరిగాక ఆగింది.

"దేవుడి తరఫున తారీఖులిచ్చే అధికారం నీకెవరిచ్చార్రా?"

"ఎలాగూ అవుతుందిలే అక్కా. నేను కొంచెం..."

"కాజాలు మాత్రమే మిగిలాయా?"

ఆయన తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని నడిచాడు.

మూడు రోజులు దుకాణం షట్టరు సగానికి దించుకుని లోపలే కూర్చున్నాడు. బుధవారం మధ్యాహ్నం ఆ షట్టరు కింద నుంచి వంగి ఒకావిడ లోపలికొచ్చింది. వీధి చివర లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. భర్త పంతొమ్మిదేళ్ళు బస్సు నడిపిన డ్రైవరు, ఏడాది కిందట ఆయనకీ పక్షవాతం వచ్చింది, ఆయనదీ కుడి చెయ్యే. మాస్టారు గబుక్కున తన చేతిని ఎడం చేత్తో పట్టుకుని జేబులోకి తోశాడు.

"అన్నయ్యగారూ, మీ సాక్ష్యం విని మా ఇంట్లో దీపం పెట్టినట్టయిందండీ. ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్పాను. ఏడాది తరవాత ఆయన నవ్వగా చూశాను."

"సంతోషమమ్మా," అన్నాడు మాస్టారు.

"ఇక ఆ వ్యాయామాలు వద్దంటున్నారు. మాస్టారికి ఒక్క ప్రార్థనతో వచ్చినప్పుడు నాకెందుకు రాదు అంటున్నారు. పిసికే రబ్బరు బంతిని కిటికీలోంచి విసిరేశారు, కుక్క ఎత్తుకుపోయింది. చెయ్యి పట్టి వ్యాయామం చేయించే డాక్టరబ్బాయి వస్తే తలుపు తియ్యనివ్వలేదు."

గుడ్డ పాడైతే గుడ్డ కొనివ్వొచ్చు. ఇక్కడ పాడవుతున్నది ఒక మనిషి చెయ్యి. ఇన్నాళ్ళూ చెప్పిన అబద్ధాలకి జనం తిట్టుకుంటూ వెనక్కి వెళ్ళారు. దీన్ని మాత్రం ఒకాయన నమ్మేశాడు.

"మీరొకసారి రండన్నయ్యా. ఏ చెయ్యి బాగైందో ఆ చెయ్యే ఆయన తల మీద పెట్టి ప్రార్థన చెయ్యండి. మీ మేలు మర్చిపోను."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆయన నోరు తనకి తెలిసిన ఒక్క దారే పట్టింది.

"రేపు వస్తానమ్మా."

"ఇవాళే వస్తాడమ్మా," అని దుకాణం వెనకున్న ఇంట్లోంచి అక్క గొంతు వినిపించింది. ఆ వెనకే ఆవిడా వచ్చింది, తమ్ముడి చెప్పులు పట్టుకుని. "నువ్వు పద. వెనకాలే వస్తాడు."

డ్రైవరు ఇల్లు మూడో అంతస్తులో. మొదటి అంతస్తు ఎక్కేటప్పుడు నిజం చెప్పెయ్యాలనుకున్నాడు. రెండో అంతస్తులో, చెప్పకుండా ఎడం చేత్తో ప్రార్థించి బయటపడే మార్గం ఆలోచించాడు. మూడో అంతస్తుకి వచ్చేసరికి ఆయాసం తప్ప ఇంకేం మిగల్లేదు.

రెండు గదుల ఇల్లు. కిటికీ తెరిస్తే కింద బస్సు డిపో. డ్రైవరు ఆ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు, కుడి చెయ్యి ఒళ్ళో దిండు మీద ఉంది. కింద ఒక బస్సు గుర్రుమంది.

"పన్నెండో నంబరు," అన్నాడు డ్రైవరు తల తిప్పకుండానే. "రెండో గేరు వెయ్యడం వాడికి ఈ జన్మకి రాదు." తరవాత మాస్టారి వైపు తిరిగాడు. మొహం వెలిగిపోతోంది. "రండి మాస్టారూ, కూర్చోండి. ఏదీ, ముందు ఆ చెయ్యి చూపించండి."

ఆ మొహం చూశాక ఇంకో అబద్ధం ఆడటం ఆయన వల్ల కాలేదు. ఎడం చేత్తో మణికట్టు పట్టుకుని కుడి చేతిని జేబులోంచి లాగి ఇద్దరి మధ్యా ఉన్న స్టూలు మీద పెట్టాడు. అది పక్కకి ఒరిగి, వేళ్ళు సగం ముడుచుకుని, అలాగే ఉండిపోయింది.

"బాగవలేదు," అన్నాడు. "నేను అబద్ధం చెప్పాను."

డ్రైవరు మొహంలో నవ్వు ఒక్కసారిగా పోలేదు, కొంచెం కొంచెంగా పోయింది. అది చివరిదాకా చూడాల్సి రావడమే మాస్టారికి పడ్డ శిక్ష. తలుపు దగ్గర ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

"ఏడాదిగా పిసుకుతున్నాను నేను ఆ బంతి," అన్నాడు డ్రైవరు. "మీ మాట నమ్మి పారేశాను. ఆ డాక్టరబ్బాయిని గుమ్మంలోంచే తిట్టి పంపించాను. ఎందుకు చెప్పారు?"

"దేవుడి పరువు..." అని మొదలుపెట్టి మాస్టారు ఆగిపోయాడు. ఆ మాట తన చెవికే వెగటుగా వినిపించింది. "కాదు. భయమేసింది."

"దేనికి?"

"నా భార్యకి ఒకటో తారీఖని చెప్పాను. ఊరంతా చెప్పాను. దేవుడు మాట తప్పాడనుకున్నాను లోపల్లోపల. ఆయన మాట ఇస్తే కదా తప్పడానికి? ఇచ్చింది నేను. ఇప్పుడు ఈ చెయ్యి. నెలల తరబడి అడుగుతున్నాను. వింటున్నాడో లేదో తెలియదు. ఆయన రాడేమోనన్న భయం నాది. ఆ మాట పైకి అనే ధైర్యం లేక, వచ్చేశాడని చెప్పేశాను."

అంతవరకూ బాగానే చెప్పాడు. తరవాత "ఆవిడకి చివరిరోజు కూడా తారీఖే చెప్పానండీ. ఇంకో మాట మాట్లాడొచ్చు కదా, మాట్లాడలేదు" అన్నాడు, అంతే, ఏడుపొచ్చేసింది. భార్య పోయిన రోజు రాని ఏడుపు, పదినెలలు మర్యాదగా లోపల కూర్చున్న ఏడుపు, పరాయి ఇంట్లో, ప్లాస్టిక్ కుర్చీలో, ముక్కు కారుతూ వచ్చింది. ఓదార్పుల మాస్టారికి తన ముక్కు తుడుచుకునే చెయ్యి కూడా సమయానికి దొరకలేదు. డ్రైవరు భార్య వచ్చి తువ్వాలు ఇచ్చింది.

కింద రెండు బస్సులు వచ్చి ఒక బస్సు వెళ్ళింది.

"మీకేం చేయిస్తున్నారు?" అన్నాడు డ్రైవరు ఉన్నట్టుండి. కోపం ఇంకా ఉంది గొంతులో. "బంతేనా?"

"గుండీలు. ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి."

"ఎన్ని?"

"ఏడు. మొన్న ఆదివారమైతే ఆరే."

"నేను బంతి వరసన ఇరవై సార్లు పిసికేవాణ్ణి. ఒకరోజు ఇరవై రెండు."

"ఇరవై రెండా!" మాస్టారు తువ్వాలు దించాడు. "అయితే నా సాక్ష్యం మీరు వినడమేంటండీ? మీ సాక్ష్యం నేను వినాలి."

డ్రైవరు నవ్వకూడదని గట్టిగానే ప్రయత్నించాడు. కుదరలేదు. కానీ నవ్వుతూనే వేలు చూపించాడు. "ఆ రెండు వందల మందికీ ఎవరు చెబుతారు మరి?"

"నేనే. ఈ ఆదివారం." ఆ మాట అన్నాక మాస్టారికి చప్పట్లు కొట్టిన చేతులన్నీ గుర్తొచ్చాయి. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

"పొద్దున ఆ అబ్బాయికి నేను ఫోను చేస్తాను, కొత్త బంతి తెస్తాడు," అంది డ్రైవరు భార్య, మొగుణ్ణి చూస్తూ. "కాదంటే ఊరుకోను." తరవాత మాస్టారి వైపు తిరిగింది. "వచ్చిన పని కానివ్వండన్నయ్యా. ప్రార్థన చెయ్యండి."

"ఈ చేత్తోనా అమ్మా?"

"బాగైన చెయ్యి లేదు కదా. ఉన్న చెయ్యే పెట్టండి."

ఆయన లేచాడు. బస్తా ఎత్తినట్టు కుడి చేతిని ఎడం చేత్తో ఎత్తి డ్రైవరు తల మీద పెట్టి, జారిపోకుండా పట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఎన్నో ఏళ్ళుగా కళ్ళు మూసుకుంటే చాలు, ప్రార్థన కుళాయి విప్పినట్టు వచ్చేది, దేవుడికి మధ్యలో మాట్లాడే సందు కూడా ఇచ్చేవాడు కాదు. ఇప్పుడు ఒక్క ముక్క రాలేదు. ఎంత వెతికినా తారీఖులు తప్ప ఇంకేం తగల్లేదు, వాటిని పక్కకి నెట్టేశాడు.

"అయ్యా," అన్నాడు చివరికి. "మేమిద్దరం ఇక్కడున్నాం. నువ్వెప్పుడొస్తావో మాకు తెలియదు. నువ్వు వచ్చేదాకా ఇక్కడే ఉంటాం."

ఇంకేదైనా కలపాలనిపించింది, కలపలేదు. ఊరికే నిలబడ్డాడు. కింద డిపోలో ఎవరో హారన్ కొట్టారు.

అప్పుడు చూపుడు వేలి చివర వెచ్చగా అనిపించింది.

ఆయన నమ్మలేదు. తన మనసు సంగతి తనకి తెలియంది కాదు, లేనిదాన్ని ఉందనడంలో దానికి ముప్ఫై రెండేళ్ళ సర్వీసుంది. ఎడం చెయ్యి వేడేమోనని దాన్ని మెల్లిగా తీసేశాడు. కుడి చెయ్యి డ్రైవరు తల మీద దాని బరువుతో అదే నిలబడింది. వెచ్చదనం పోలేదు. ఆ ఒక్క వేలి కింద, గోరు వెడల్పంత మేర, ఒక మనిషి తల వేడిగా ఉంది. పొట్టిగా కత్తిరించిన జుట్టు గరుకుగా తగులుతోంది. మిగతా నాలుగు వేళ్ళకీ ఏమీ తెలియలేదు.

నోరు తెరుచుకుంది. వెంటనే మూసుకున్నాడు. ఈ మాట భార్యకి ఒక్కదానికే చెప్పాలనిపించింది, ఆవిడ లేదు. నమ్మకుండా నవ్వి, ఏదీ చూడనీ అని ఆ వేలు పట్టుకుని ఉండేది. కళ్ళు మళ్ళీ నీళ్ళతో నిండాయి, అయినా వేలి కింద ఆ వెచ్చదనం అలాగే ఉంది.

"అయిపోయిందా మాస్టారూ?" అన్నాడు డ్రైవరు. "మెడ పట్టేస్తోంది."

"ఇంకొంచెంసేపు ఉండనివ్వండి," అన్నాడు ఆయన.